అతిశీఘ్ర సరఫరా, నేరు విక్రయం

ఉత్పత్తిదారుడు టోకు వ్యాపారి, చిల్లర దుకాణం వంటి మధ్యవర్తులు లేకుండా తన సొంత పేరుతో సరుకును వినియోగదారునికే అమ్ముటను నేరు విక్రయం అంటారు. వాణిజ్య పరిభాషలో దీనికి డీ2సీ అని పేరు. ఆర్డరు అందిన పది నుండి ముప్పై నిమిషాలలో సరుకును ఇంటికి చేర్చు పద్ధతిని అతిశీఘ్ర సరఫరా లేక క్విక్ కామర్స్ అంటారు. ఈ రెండును వేర్వేరుగా పుట్టినవి. 2020 తరువాత భారతదేశపు నగరాలలో ఇవి ఒకదానికొకటి ఆధారమైనవి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాడి ఉత్పత్తులు, అడవి ఉత్పత్తులు, చేతివృత్తులకు ఈ పద్ధతి ఎంతవరకు ఉపయోగపడునో ఈ వ్యాసంలో వివరించబడినది.

చరిత్ర

అమెరికాలో గోపఫ్ 2013లోను, టర్కీలో గెటిర్ 2015లోను ప్రారంభమైనవి. గెటిర్ అనేక దేశాలకు విస్తరించి, ఖర్చులు భరించలేక 2024లో అమెరికా, బ్రిటన్, ఐరోపా దేశాల నుండి వైదొలగినది. భారతదేశంలో 2013లో మొదలైన గ్రోఫర్స్ సంస్థ 2021 డిసెంబరులో బ్లింకిట్‌గా పేరు మార్చుకొన్నది. దీనిని 2022లో జొమాటో కొనుగోలు చేసినది. స్విగ్గీ వారి ఇన్‌స్టామార్ట్ 2020లోను, జెప్టో 2021లోను మొదలైనవి.

తెలుగునాట నేరు విక్రయం కొత్త విషయం కాదు. రైతు తన కూరగాయలను తానే అమ్ముకొనుటకు 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు ప్రారంభించబడినవి. తెల్లవారక ముందే ఇంటి గుమ్మం ముందు పాలు పోసి వెళ్ళు పాలవాడు అంతకంటే పాతవాడు. పాడి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ అయిన కరీంనగర్ డెయిరీ పల్లెలలో పాలు సేకరించి, శీతలీకరించి, తన సొంత పేరుతో ప్యాకెట్లలో అమ్ముచున్నది. రోజూ తప్పక కావలసిన వస్తువు, త్వరగా చెడిపోవు గుణం, నమ్మకమైన పేరు అనే మూడు లక్షణాలు ఇందులో కలవు. అతిశీఘ్ర సరఫరాలో నిలదొక్కుకొను వస్తువుకు కూడా ఇవే ముఖ్యం.

పనిచేయు విధానం

ఈ వ్యాపారానికి మూలం డార్క్ స్టోర్. ఇది కొనుగోలుదారులు లోనికి రాని చిన్న గిడ్డంగి. రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోని ఇళ్ళకు ఇక్కడి నుండే సరుకు వెళ్ళును. ఆర్డరు రాగానే సిబ్బంది అరలలోని వస్తువులను ఏరి సంచిలో వేయగా, ద్విచక్రవాహనంపై వచ్చిన డెలివరీ కార్మికుడు తీసుకొనిపోవును. వేగానికి కారణం బండి వేగం కాదు, సరుకు ముందుగానే కొనుగోలుదారుని సమీపంలో ఉండుట. గంటకు తగినన్ని ఆర్డర్లు రానిచో అద్దె, జీతాలు గిట్టవు. కనుక ఈ సేవలు మహానగరాలలో వేళ్ళూనినంతగా చిన్న పట్టణాలలో వేళ్ళూనలేదు.

నేరు విక్రయ సంస్థల విజయానికి మార్గాలు

* తక్కువ రకాలు: గిడ్డంగిలో స్థలం స్వల్పం. ముప్పై రకాలు ఇచ్చుట కంటే బాగా అమ్ముడగు మూడు నాలుగు రకాలను ఎన్నుకొనుట మేలు.
* చిన్న పరిమాణం: కొత్త పేరును పరీక్షించు కొనుగోలుదారుడు కిలో డబ్బా కంటే 200 గ్రాముల ప్యాకెట్టును సులభంగా కొనును.
* నిల్వ కొరత లేకుండుట: అరలో సరుకు లేని పూట కొనుగోలుదారుడు పక్క పేరును ఎన్నుకొనును. మరల తిరిగి రాకపోవచ్చును.
* వాడుక గడువు: భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన సూచన ప్రకారం, ఆహార పదార్థం వినియోగదారునికి అందునాటికి గడువులో 30 శాతమో లేక 45 రోజులో మిగిలి ఉండవలెను.
* సొంత ఖాతాదారులు: కొన్నవారి వివరాలు సాధారణంగా వేదిక వద్దనే ఉండును. కనుక సొంత వెబ్‌సైటు, ఫోను ఆర్డర్లను వదలుకొనరాదు.

లాభనష్టాల లెక్క

ఉదాహరణకు ఒక ప్యాకెట్టు ధర 200 రూపాయలు అనుకొందము. తయారీకి 90, ప్యాకింగుకు 10, రవాణాకు 15, వేదిక కమీషనుకు 50, ప్రకటనలకు 15 పోగా 20 రూపాయలు మిగులును. వంద ప్యాకెట్లు అమ్ముడైనచో లాభం 2000 రూపాయలు. అందులో 8 ప్యాకెట్లు గడువు మీరి పారవేయవలసి వచ్చినచో, 92 ప్యాకెట్లపై లాభం 1840 రూపాయలు. పాడైన 8 ప్యాకెట్లపై తయారీ, ప్యాకింగు, రవాణా నష్టం 920 రూపాయలు. చివరకు మిగులునది 920 మాత్రమే. ఎంత పంపవలెనో సరిగా అంచనా వేయుటయే ఈ వ్యాపారంలో లాభనష్టాలను నిర్ణయించునని దీనివలన తెలియును.

ఉత్తర తెలంగాణ ఉత్పత్తులు

2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు పునర్విభజింపబడినవి. ఈ ప్రాంతపు ఉత్పత్తులు అన్నీ ఒకే విధంగా వేగానికి అనుకూలించవు.

ఇప్పపువ్వు లడ్డూలు: ఉట్నూరులోని భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం వీటిని తయారుచేయుచున్నది. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఇప్పపువ్వుతో చేయుచున్న వంటకాలను ప్రధానమంత్రి 2025 మార్చి నెల మన్ కీ బాత్ ప్రసంగంలో ప్రస్తావించారు. చిన్న ప్యాకెట్టుగా, మరల మరల కొనదగిన తినుబండారం కనుక ఇది అతిశీఘ్ర సరఫరాకు అనువైనది. అయితే ఇప్పపువ్వు వేసవి ఆరంభంలో మాత్రమే రాలును. ఏడాది పొడవునా తయారీకి పువ్వును ఎండబెట్టి నిల్వచేయవలెను.

నిర్మల్ బొమ్మలు: తేలికైన పునికి కర్రతో చేయు ఈ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. పండ్లు, పక్షుల వంటి చిన్న బొమ్మలను పండుగలు, పుట్టినరోజుల ముందు నగర గిడ్డంగులలో ఉంచవచ్చును. ఇవి చెడిపోవు వస్తువులు కావు.

కరీంనగర్ వెండి నగిషీ, ఆదిలాబాద్ డోక్రా: వీటికి వరుసగా 2007, 2018లలో గుర్తింపు లభించినది. సన్నని వెండి తీగను మెలిపెట్టి అల్లుటకు, మైనపు నమూనాతో చేసిన మట్టి అచ్చులో లోహం పోయుటకు రోజులు పట్టును. విలువైన ఈ వస్తువులకు పది నిమిషాల సరఫరా అవసరం లేదు. వేగం పేరుతో యంత్రపు నకళ్ళు అమ్ముడైనచో నిజమైన పనివారికే నష్టం. వీరికి కావలసినవి సరైన ఫొటో, గుర్తింపు ముద్ర, భద్రమైన ప్యాకింగు, చెప్పిన రోజుకు చేరుట.

రవాణా

హైదరాబాదు నుండి కరీంనగర్ సుమారు 165, నిర్మల్ సుమారు 210, ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. చివరి మూడు కిలోమీటర్లు పది నిమిషాలలో పూర్తికావలెనన్నచో, ముందున్న ఈ దూరాన్ని ఒకటి రెండు రోజుల ముందే దాటవలెను. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 2020 జూన్‌లో ప్రారంభించిన పార్సెల్, కార్గో సేవ చిన్న ఉత్పత్తిదారులకు ఇందుకు అందుబాటులో ఉన్న మార్గం.

విమర్శలు

నిమిషాల హామీ డెలివరీ కార్మికులపై ఒత్తిడి పెంచి ప్రమాదాలకు దారితీయునని కార్మిక సంఘాలు విమర్శించినవి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి సూచన అనంతరం బ్లింకిట్ తన ప్రచారం నుండి పది నిమిషాల మాటను తొలగించినది. గిగ్ కార్మికులను నిర్వచించిన సామాజిక భద్రతా స్మృతి (2020) 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. గల్లీ చివరి కిరాణా దుకాణాల ఆదాయం తగ్గునన్నది మరొక ఆక్షేపణ.

ఇవి కూడా చూడండి

* రైతుబజారు
* నిర్మల్ బొమ్మలు
* కరీంనగర్ వెండి నగిషీ
* ఇప్ప చెట్టు