అడగకుండా చెప్పిన మాటలు: మోంతాయూ గ్రామ చరిత్రలో సాక్ష్యం విలువ

దక్షిణ ఫ్రాన్స్‌లో పిరనీస్ పర్వతాల ఉత్తరపు వాలు మీద, సుమారు 1300 మీటర్ల ఎత్తున మోంతాయూ అనే ఊరుంది. ఆరియేజ్ జిల్లాలో ఓ మూలకు విసిరేసినట్టుంటుంది. ఇప్పుడక్కడ కాపురముంటున్నది పట్టుమని పాతిక ముప్ఫై మంది. 1300 ప్రాంతంలో రెండు వందల పైచిలుకు ఉండేవారని చరిత్రకారుల అంచనా. అంత చలిలో ద్రాక్ష పండదు. గోధుమ, ఓట్లు, టర్నిప్ దుంపలు పండించుకునేవారు, గొర్రెలు మేపుకునేవారు. పిండి పట్టించుకోవాలంటే ధాన్యం మూటగట్టుకుని కొండ దిగి ఆక్స్ వెళ్లాల్సిందే. రాజుల కథల్లో ఇలాంటి ఊరికి చోటుండదు. అయినా మధ్యయుగపు ఐరోపా రైతు ఎలా బతికాడన్న చర్చ వస్తే చరిత్రకారులకు ముందు గుర్తొచ్చేది ఈ ఊరి పేరే.

అందుకు కారణం ఒక విచారణ.

1317లో పామియే బిషప్‌గా వచ్చిన జాక్ ఫూర్నియే పట్టు విడవని మనిషి. చర్చి మతద్రోహంగా చూసిన కతార్ మతం ఆ కొండ ప్రాంతంలో అప్పటికింకా పూర్తిగా ఆరిపోలేదు. లోకాన్ని మంచి, చెడు అనే రెండు శక్తులు నడిపిస్తాయనీ, కంటికి కనిపించే ప్రపంచమంతా చెడు సృష్టేననీ వారి నమ్మకం. ఆత్మ ఒక ఒంటి నుంచి మరో ఒంటికి, మనుషుల్లోకీ జంతువుల్లోకీ కూడా, తిరుగుతూనే ఉంటుందని వారు చెప్పేవారు. ‘మంచి మనుషులు’ అనిపించుకున్న వారి గురువులు మాంసం, గుడ్లు, పాలు ముట్టేవారు కారు. పియేర్ ఓతియే అనే గురువును 1310లో కాల్చి చంపారు. చివరి గురువుగా పేరుపడ్డ గియోమ్ బెలిబాస్త్‌ను 1321లో దహనం చేశారు. అంతకుముందే, 1308లో, కార్కసోన్ విచారణాధికారి మోంతాయూ ఊరిని చుట్టుముట్టించి పెద్దవాళ్లందరినీ నిర్బంధించాడు. పదేళ్ల తర్వాత ఫూర్నియే ఆ పని మళ్లీ చేపట్టాడు. 1318 నుంచి 1325 వరకు 370 రోజులు కూర్చుని 578 సార్లు విచారణ జరిపాడు. ఒక్క కేసులో తప్ప చిత్రహింసల జోలికి వెళ్లలేదు. విసుగు విరామం లేకుండా ప్రశ్నించడమే అతని పద్ధతి. ఆ మనిషే 1334లో పన్నెండవ బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాడు. అతని రిజిస్టరు వాటికన్ గ్రంథాలయంలో లాటిన్ రాతప్రతి 4030గా భద్రంగా ఉంది. దాన్ని 1965లో జాఁ దువెర్న్వా మూడు సంపుటాలుగా అచ్చువేశారు. పదేళ్లకు, 1975లో, ఎమ్మాన్యుయెల్ లె రువా లాద్యురీ దాని ఆధారంగా మోంతాయూ గ్రంథం రాశారు. పండితుల కోసం రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోవడం అరుదు. దానికి ఆ అదృష్టం దక్కింది.

ఆ పుస్తకానికి ఆయువుపట్టు ఇల్లు. మోంతాయూ వాళ్లకు వంశం, పొయ్యి, పొలం, మంద, పరువు అన్నీ కలిస్తేనే ఇల్లు. ఊరిపెద్దల ఇంట్లో పోన్స్ క్లెర్గ్ చనిపోయినప్పుడు అతని భార్య మెంగార్ద్ శవం నుదుటి దగ్గరి వెంట్రుకలు, చేతి, కాలి గోళ్లు తీయించి దాచుకుంది. పోయినవాడితో పాటు ఇంటి అదృష్టం పోకూడదని ఆమె ఆశ. ఒక్కో ఇల్లు మతం మారడమో మారకపోవడమో కూడా పొయ్యి చుట్టూ జరిగిన మాటల్లోనే తేలేదని లాద్యురీ చూపించారు. ఇది ఆయన చేసిన గొప్ప పని.

అభ్యంతరాలు తప్పలేదు. లియొనార్డ్ బోయిల్ 1981లో లాద్యురీ ఆధారాన్ని వాడుకున్న తీరును గట్టిగా తప్పుపట్టారు. 1986లో మానవశాస్త్రవేత్త రెనాటో రొసాల్డో ఇంకో మెలిక పట్టుకున్నారు. లాద్యురీ ముందుమాటలో విచారణాధికారిని పరిచయం చేస్తారు, తర్వాత అతన్ని తెర వెనక్కి పంపేస్తారు. ఆపైన పాఠకుడికి రైతులు తమంత తాము మాట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. నిజానికి వాళ్లు మాట్లాడింది ఒక్సితాన్‌లో, గుమాస్తా రాసుకున్నది లాటిన్‌లో. మొదట చిత్తు, తర్వాత సాపు, ఆఖరికి తోలుకాగితం మీద నకలు. అడిగేవాడి చేతిలో జైలూ మంటా ఉన్నాయి. అలాంటి చోట పుట్టిన మాటను కల్లు దుకాణం ముందరి కబురులా చదవడం తగదు.

మరి రిజిస్టరును పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. అందులోని మాటలన్నిటికీ ఒకే బరువు లేదని గుర్తిస్తే చాలు. ఎవరు ఎవరికి మొక్కారు, ఏ గురువు ఏ ఇంట దాక్కున్నాడు, ఆత్మ గురించి ఏమన్నారు అన్నవి బిషప్‌కు కావలసిన జవాబులు. ప్రశ్న అచ్చు వాటి మీద గట్టిగా పడింది. వాటి అంచున జారిపడిన వివరాలకు ఆ ఒత్తిడి తక్కువ. ఒక సాక్షి జ్ఞాపకంలో, ఎండలో ఇద్దరు తల్లులకు కూతుళ్లు పేలు చూస్తుంటే, మంటల్లో కాలేవాళ్లు ఆ బాధ ఎలా ఓర్చుకుంటారో అని వాళ్లు మాట్లాడుకున్నారు. దేవుడే ఆ బాధను తన మీద వేసుకుంటాడని ఒకరి జవాబు. బిషప్‌కు పనికొచ్చింది ఆ జవాబు. చరిత్రకారుడికి ఎండ, పేలు, తల్లీకూతుళ్లు కూడా కావాలి. వాటిని కల్పించి చెప్పినందువల్ల సాక్షికి ఒరిగేదేమీ లేదు.

బేత్రిస్ దె ప్లానిసోల్ సంచి కథ కూడా ఇలాంటిదే. కోట అధికారి భార్యగా మోంతాయూలో ఉండి వితంతువైన ఈమెను 1320లో పట్టుకున్నప్పుడు సంచిలో ఎండిన బొడ్డుతాళ్లు, నెత్తురు మరకల గుడ్డలు దొరికాయి. మంత్రతంత్రాలేమోనని విచారించినవారి అనుమానం. బొడ్డుతాళ్లు మనవళ్లవనీ, దగ్గరుంటే వ్యాజ్యంలో ఓడిపోమని చెబితే దాచుకున్నాననీ ఆమె చెప్పింది. గుడ్డ కూతురి తొలి ముట్టుదనీ, అల్లుడి మనసు కూతురిని దాటి పోకుండా ఉండేందుకనీ వివరించింది. ఒక తల్లి దిగులు ఆ జవాబు నిండా ఉంది. దాన్ని అడిగి రాబట్టాలని ఎవరూ అనుకోలేదు.

దీనికి ఎదురుదిశలో ఉన్నవాడు ఊరి పూజారి పియేర్ క్లెర్గ్. పుస్తకంలో అందరికన్నా ఎక్కువగా కనిపించే పాత్ర అతనిదే. కతార్లకు ఆసరా ఇస్తూనే కార్కసోన్‌కు కబుర్లు చేరవేసినవాడు, ఊళ్లో ఎందరో స్త్రీలతో సంబంధాలు పెట్టుకున్నవాడు. అయితే అతని వాంగ్మూలం రిజిస్టరులో లేదు. జైల్లోనే చనిపోయాడు. అతని గురించి మనకు తెలిసిందంతా అతని పీడ అనుభవించినవాళ్లో, నేరం అతని మీదికి నెట్టి బయటపడాలనుకున్నవాళ్లో చెప్పినదే. చెడ్డవాడు కావచ్చు, బహుశా అయ్యుంటాడు కూడా. కానీ అతని మనస్తత్వాన్ని లాద్యురీ అంత ధీమాగా చిత్రించడం ఆధారాన్ని మించిన పని. పుస్తకంలో ఎంత అందంగా ఉన్నా, అతి బలహీనమైన భాగం ఇదే.

గొర్రెల కాపరి పియేర్ మోరి సంగతి వేరు. 1324లో ఇచ్చిన వాంగ్మూలంలో అతను చలికాలం కాటలోనియా వైపు మందలు తోలుకుపోవడం, కనుమలు దాటడం, కాపరుల కూలి, స్నేహం అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. నేరారోపణతో పనిలేని ఈ దారుల, మేత భూముల వర్ణన మధ్యయుగపు పశుపోషణ గురించి మనకున్న మంచి ఆధారాల్లో ఒకటి. మోరికి జైలు శిక్ష పడింది.

కాబట్టి లాద్యురీ గ్రంథాన్ని ఇల్లు, పని, మంద, శరీరం గురించి నమ్మకంగా చదవవచ్చు. మతం గురించీ, వ్యక్తుల గుణదోషాల గురించీ చదివేటప్పుడు ఆగి చూడాలి. ఆ అధ్యాయాలకు వచ్చినప్పుడు దువెర్న్వా సంపుటాలు పక్కనే తెరిచి పెట్టుకోండి. ప్రతి జవాబుకూ ముందు ప్రశ్న ఏమిటో వెతకండి.