గురుగ్రహ చంద్రులు చెప్పిన కాంతి కథ

విద్యార్థులారా! చిన్న టెలిస్కోపుతో గురుగ్రహాన్ని చూడండి. పక్కనే దాదాపు ఒకే వరుసలో నాలుగు చుక్కల దాకా కనిపిస్తాయి. 1610 జనవరిలో ఇటలీలోని పాడువాలో గెలీలియో చూసింది వీటినే. రోజురోజుకూ అవి చోటు మారడం గమనించి, అవి గురుని చుట్టూ తిరిగే చంద్రులని ఆయన గ్రహించాడు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

ఈ నాలుగింటిలో గురునికి అతి దగ్గరిది అయో. సుమారు 42న్నర గంటలకోసారి అది గురుని నీడలో మునిగి తేలుతుంది. అయితే భూమి గురునికి దూరమవుతున్నకొద్దీ ఈ గ్రహణాలు ఆలస్యంగా, దగ్గరవుతున్నకొద్దీ ముందుగా కనిపించేవి. ఎందుకు?

పారిస్ అబ్జర్వేటరీలో పనిచేసిన డెన్మార్కు శాస్త్రవేత్త ఓలె రోమర్ కారణం పట్టుకున్నాడు: కాంతి మనల్ని చేరడానికి సమయం పడుతుంది! కాంతి తక్షణమే చేరుతుందని ఎందరో పండితులు నమ్మే కాలమది. 1676 నవంబరు 9న అయో నీడలోంచి 10 నిమిషాలు ఆలస్యంగా బయటపడుతుందని ఆయన ముందే చెప్పాడు, అలాగే జరిగింది. భూకక్ష్య వ్యాసాన్ని దాటడానికి కాంతికి 22 నిమిషాలు పడుతుందని ఆయన అంచనా. నిజానికి పట్టేది 16న్నర నిమిషాల పైచిలుకు. అంకె మారింది, సూత్రం నిలిచింది.

మీరూ నాలుగైదు రాత్రులు ఆ చుక్కల స్థానాలను నోటుపుస్తకంలో గీయండి. మీ కంటికి చేరే ఆ వెలుగు అరగంటకు పైగా ప్రయాణించి వచ్చిందని గుర్తుంచుకోండి.