లివర్ మళ్ళీ పెరుగుతుంది, నిజమే. మరి తాగే లివర్?

"లివర్ తనంతట తానే పెరుగుతుందట కదా, ఇంకేం భయం?" మనవాళ్ళ బార్బెక్యూల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. అందులో నిజం లేకపోలేదు. 1989లో బ్రిస్బేన్‌లోని ప్రిన్సెస్ అలెగ్జాండ్రా ఆసుపత్రిలో డాక్టర్ రసెల్ స్ట్రాంగ్ బృందం ఒక జపాన్ తల్లి కాలేయంలో కొంత తీసి ఆమె బిడ్డకు అమర్చింది. బతికున్న దాత నుంచి విజయవంతంగా జరిగిన తొలి కాలేయ మార్పిడి అదే. అయితే బల్లి తోకలా కోసిన ముక్క మళ్ళీ మొలవదు. మిగిలిన భాగమే పెరిగి పని అందుకుంటుంది.

ఆ పెరుగుదల అంతా కణాల మధ్య నడిచే సంకేతాల మీద ఆధారపడింది. కాలేయంలో ఉండే కుఫర్ కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 విడుదల చేసి కాలేయ కణాలను నిద్ర లేపుతాయి. తర్వాత హెచ్‌జీఎఫ్, ఈజీఎఫ్ అనే వృద్ధి కారకాలు వాటిని విభజన వైపు నడిపిస్తాయి. చాలు, ఆగమని చెప్పేది టీజీఎఫ్-బీటా.

ఏళ్ల తరబడి తాగితే ఈ వరస చెడుతుంది. ఆల్కహాల్ నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్ ప్రొటీన్లకు, డీఎన్ఏకు అతుక్కుంటుంది. పేగు గోడ వదులై బ్యాక్టీరియా విషాలు కాలేయానికి చేరతాయి, దాంతో కుఫర్ కణాలు అలారం ఆపవు. ఇన్సులిన్, ఈజీఎఫ్ పిలిచినా కాలేయ కణాలు సరిగా పలకవని జంతు ప్రయోగాల్లో తేలింది. ఆగమనే టీజీఎఫ్-బీటా మాత్రం ఎక్కువై, స్టెల్లేట్ కణాల చేత కొల్లాజెన్ తయారు చేయిస్తుంది. కొత్త కణం రావలసిన చోట మచ్చ పడుతుంది. ముదిరితే సిర్రోసిస్. అప్పటిదాకా నొప్పి ఉండకపోవచ్చు, అదే నాకు అన్నిటికన్నా భయం.

కొవ్వు పేరుకున్న దశలోనే మానేస్తే కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుంది.

ఆస్ట్రేలియా మార్గదర్శకాల ప్రకారం (2020) ఆరోగ్యవంతులైన పెద్దలకు వారానికి 10 స్టాండర్డ్ డ్రింకులు, ఒక్కరోజులో 4 మించకూడదు. ఒక స్టాండర్డ్ డ్రింకంటే 10 గ్రాముల ఆల్కహాల్, అంటే 30 మి.లీ. విస్కీ. మన ఇళ్లలో పోసే 60 మి.లీ. పెగ్గులు శుక్ర, శని, ఆదివారాల్లో రోజుకు మూడేసి వేస్తే వారానికి 17 దాటుతుంది. "వీకెండ్‌లోనే కదా" అనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

జీపీని లివర్ ఫంక్షన్ టెస్ట్ అడగండి, ఎంత తాగుతారో దాచకుండా చెప్పండి. రక్తపరీక్ష బాగున్నంత మాత్రాన మచ్చ లేనట్టు కాదు, అవసరమైతే స్కాన్ రాస్తారు. రోజూ బాగా తాగేవారిని ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణ కావాలి. జాతీయ హాట్‌లైన్ 1800 250 015. ఇంగ్లిషు రాని అమ్మానాన్నల కోసమైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు.