తపాలా ఓటు - పుట్టుపూర్వోత్తరములు

జన్మస్థలము విజయనగరము, ఉద్యోగస్థలము రాయపూరు. స్వరాష్ట్రమున శాసనసభ ఎన్నికలు వచ్చినపుడు ఓటును తపాలాలో పంపరాదా యను ప్రశ్న రాయపూరు తెలుగు కుటుంబములలో పుట్టుట సహజము. బస్తరు అడవులలో కాపుండు కేంద్ర రిజర్వు పోలీసు జవానునకు ఆ సౌకర్యము కలదు. రాయపూరు కార్యాలయమునందలి గుమాస్తాకు లేదు. ఇరువురును కేంద్ర ప్రభుత్వోద్యోగులే. ఈ భేదమునకు కారణము తపాలా ఓటు చరిత్రలోనే యున్నది.

దూరపు ఓటు యుద్ధభూమిలో పుట్టినది. 1864లో అమెరికా అంతర్యుద్ధ సమయమున సైనికులు తమ ఊళ్లకు దూరముగనే యుండి అధ్యక్షుని ఎన్నికలో ఓటు వేసిరి. 1918 నాటి బ్రిటిషు శాసనము సైనికులకు తపాలా ఓటును ప్రసాదించినది. ఓటరు పోలింగు కేంద్రమునకు పోవుట సామాన్య ధర్మము. రాజ్యమే అతనిని దూరమునకు పంపినపుడు అతని ఓటును తెప్పించుకొను భారము రాజ్యమునదే. ఈ సౌకర్యమునకు మూలమైన న్యాయము ఇదియే.

భారతదేశమున 1950, 1951 సంవత్సరముల ప్రజాప్రాతినిధ్య చట్టములు ఈ న్యాయమునే అనుసరించినవి. సైనికులు, సైనిక చట్టము వర్తించు దళములవారు, స్వరాష్ట్రము వెలుపల పనిచేయు రాష్ట్ర సాయుధ పోలీసులు, విదేశములలోని భారత ప్రభుత్వోద్యోగులు సర్వీసు ఓటర్లు. ఉద్యోగము లేకున్నచో ఎక్కడ నివసించియుందురో అక్కడి జాబితాలోనే వారి పేరుండును. వెంట నివసించు భార్యకును ఈ హక్కు కలదు. 2021 సవరణ దానిని భర్తకును విస్తరింపజేసినది. 2016 నుండి వీరికి ఓటు పత్రమును విద్యున్మార్గమున పంపు పద్ధతి ఏర్పడినది. పత్రము క్షణములో చేరును; ఓటు మాత్రము తపాలా సంచిలోనే తిరిగివచ్చును.

ఇతర ఉద్యోగుల విషయము వేఱు. వారి ఓటు సామాన్య నివాసస్థలమునకు చెందినది. స్వగ్రామమున ఇల్లున్నంత మాత్రమున అక్కడి నివాసి కాజాలరని 1950 చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. రెండు నియోజకవర్గములలో పేరుండరాదు. తెలిసి అసత్య ప్రకటన చేసినచో ఏడాది వఱకు శిక్ష కలదు. కావున రాయపూరునకు బదిలీయై వచ్చి స్థిరపడినవారు ఫారము 8 ద్వారా పేరును ఇచటికి మార్పించుకొనవలెను. క్రొత్తగ చేరువారికి ఫారము 6 కలదు. నామినేషన్ల గడువు ముగిసిన పిదప జాబితాలో మార్పు జరుగదు.

ఇట్లు చేరిన ఉద్యోగికిని తపాలా ఓటు లభించు సందర్భమొకటి కలదు. ఎన్నికల విధికి నియమింపబడి స్వస్థానమున ఓటు వేయజాలనివారు ఫారము 12 సమర్పింపవలెను. ఓటు పత్రమును లోపలి కవరులో నుంచి, ధ్రువీకృతమైన ప్రకటనతో గూడ వెలుపలి కవరులో పెట్టి అంటింతురు. ప్రకటన లేకున్నను, ధ్రువీకరణ లోపించినను లోపలి కవరు తెఱువబడదు. 2023 సవరణ తర్వాత ఇట్టివారు ప్రత్యేక సౌకర్య కేంద్రముననే ఓటు వేయవలెను. వయోవృద్ధులకు, వికలాంగులకు ఇంటివద్దనే ఓటు తీసికొను ఏర్పాటు 2019లో ప్రవేశించినది. అప్పుడు 80గా నున్న వయోపరిమితి 2024లో 85కు పెరిగినది.

ఆ ధ్రువీకరణ ఎంతటి వివాదమునకు దారితీయునో 2024లో ఆంధ్రప్రదేశమున కానవచ్చినది. ధ్రువీకరించిన అధికారి సంతకముండి ముద్ర లేని ప్రకటనలు చెల్లునా యను తగవు హైకోర్టును దాటి సుప్రీంకోర్టు వఱకు పోయినది. చెల్లునన్న ఎన్నికల సంఘము ఆదేశమున న్యాయస్థానములు జోక్యము చేసికొనలేదు.

కొన్ని కవరుల కొఱకు ఇంత వాదమేల యనువారికి కాంకేరు సమాధానము చెప్పును. 2023 ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికలలో అచట గెలుపునకు, ఓటమికి నడుమ నున్నవి 16 ఓట్లే. ఒక చిన్న కార్యాలయమున ఒక శాఖలోని ఉద్యోగుల సంఖ్య అంతకన్న నెక్కువ యుండవచ్చును.

జవాను ఓటు అతని వెనుక స్వగ్రామమునకు పోవును. గుమాస్తా ఓటు అతడున్న వీథిలోనే యుండును. అతని బిడ్డలు చదువు బడి, అతని యింట పాఱు కుళాయి నీరు ఈ రాష్ట్రమువే. పుట్టిన ఊరిపై మమత తఱుగవలసిన పనిలేదు. కాని అచటి జాబితాలో పేరు నిలుపుకొని, ఇచట చేర్చుకొనక, ఉభయత్ర ఓటు వేయకుండుట ఎవరికిని మేలు కాదు.