చెఱకు రసమును కొలిచినవారు

1937వ సంవత్సరమున స్టాక్‌హోము నగరమందు నార్మన్ హావర్త్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞునకు, చక్కెర జాతి పదార్థముల నిర్మాణమును, సి విటమినును శోధించినందులకుగాను, స్విట్జర్లాండు పండితుడగు పాల్ కారర్‌తోబాటు నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే, అచ్చటికి వేల మైళ్ల దూరమున, నిజామాబాదు జిల్లా బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. చెఱకు చక్కెర యొక్క అణువునందు గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలు ఏ తీరున ముడివడియున్నవో తేల్చినవారిలో హావర్త్ అగ్రగణ్యుడు. ఆ ముడి తెగకుండ కాపాడుటయే బోధను కర్మాగారపు రసాయనశాలకు నిత్యకృత్యము. ఒకే పదార్థమును శోధించినవారిలో నొకనికి బంగారు పతకము దక్కెను. తక్కినవారి పేళ్లు రిజిస్టరు పుటలలో పొట్టి సంతకములై నిలిచిపోయెను.

బోధను నిన్న మొన్నటి యూరు కాదు. అశ్మక జనపదమునకు రాజధానియైన పోదన పట్టణ మిదియేయని చరిత్రకారులు చెప్పుదురు. అయినను ఈ సీమకు తీపి యబ్బినది మంజీర నది నీటివలన. నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు పర్యవేక్షణమున 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము, సుమారు 2,75,000 ఎకరములకు నీరందించు సంకల్పముతో కట్టబడినది. కాలువ నీరు పాఱిన నల్లరేగళ్లలో చెఱకు ఏపుగా పెరుగగా, ఆ చెఱకును నమ్ముకొని కర్మాగారము వెలసెను. కర్మాగారము చుట్టును శక్కర్‌నగరు వెలసెను. ఆసియా ఖండమున నింత పెద్ద చక్కెర కర్మాగారము లేదని ఒకప్పుడు జనులు గర్వముగా చెప్పుకొనెడివారు. ఊరి పేరిట నున్న ‘శక్కర్’ మన సంస్కృత ‘శర్కర’యే, అది పారసీకమునకు బోయి మరల దక్కనునకు తిరిగివచ్చినది. చెఱకునకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన ‘శాకరం’ అను లాటిను నామమునకును మూలమదియే.

కర్మాగారము రాకపూర్వము మాత్రము రసాయనజ్ఞులు లేకుండిరా? గానుగ చెంత పెనము ముందర నిలిచి, మరుగుచున్న రసమున సున్నపు తేట వేసి, పైకి దేలిన మడ్డిని తెడ్డుతో తీసివేసి, పాకమును చుక్కగా చన్నీటిలో విడిచి, వ్రేళ్ల నడుమ ఉండగట్టి చూచి, “ఇక దించుడు” అని కేకవేసిన వంటగాడు ఆమ్లమును విఱుచుట యెఱుగును; అతడు దానికి ఆ పేరు పెట్టలేదు, అంతియే. వానిని శాస్త్రజ్ఞుడని ఎవరును పిలువలేదు. బెల్లము నల్లబడినచో తిట్టుటకు మాత్రము అందఱును సిద్ధముగా నుండిరి.

కర్మాగారపు ప్రయోగశాలలో జరుగు పని యెట్టిదో ఒక్కమాఱు దగ్గఱగా చూడవలయును. గడలు నలిగి కాఱిన రసమును పొడవైన పాత్రలో బోసి, అందు బ్రిక్స్ కొలమానమును తేలవిడుతురు. అది యెంత లోతున నిలిచినదో చూచి రసమున కరగియున్న ఘనపదార్థ మెంతయో చెప్పుదురు. కాని కరగియున్నదెల్ల చక్కెర కాదు గదా! అందుచే ఆ మురికి రసమున సీసపు లవణమును కొంచెము కలిపి, మడ్డి విఱిగిన పిమ్మట వడగట్టి, తేఱిన ద్రవమును 20 సెంటీమీటర్ల గాజుగొట్టమున నింపి, పోలారిమీటరున నుంచి కంటిని ఆనింతురు. లోన గుండ్రని వెలుగుబిళ్ల సగము చీకటిగను సగము వెలుతురుగను కానవచ్చును. మరను మెల్లగా త్రిప్పగా త్రిప్పగా ఆ రెండు సగములును ఏకచ్ఛాయకు వచ్చిన క్షణమున చదివిన అంకెయే ‘పోల్’. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను నీటిలో కరగించి, ద్రవమంతయు 100 మిల్లీలీటర్లగునట్లు చేసి చూచినచో ఆ మానమున సరిగా నూఱు వచ్చును. పగలనక రాత్రియనక, క్రషింగు సాగినంత కాలము, ఈ చూపు సాగవలసినదే.

గొట్టములోని ద్రవముగుండ సాగు ఆ వెలుగు కుడివైపునకు మఱలుటయే చక్కెర ఉనికికి సాక్ష్యము. నఱికిన గడ ఎండలో బండిమీద ఎండుచు వరుసలో నిలిచినకొలది, చక్కెర అణువు తనంతట విడిపోయి, గ్లూకోజు ఫ్రక్టోజులుగా మారి, వెలుగు క్రమముగా ఎడమవైపునకు తిరుగును. ‘ఇన్వర్టు చక్కెర’ యను పేరు ఈ తలక్రిందులైన తిరుగుడువలన వచ్చినదే. మిల్లు గేటువద్ద రెండు దినములు బండి కట్టుకొని కూర్చున్న రైతు “గడ తూకము తగ్గిపోయెను” అని మొఱపెట్టుకొనగా, లోపల ప్రయోగశాలవాడు “పోల్ పడిపోయెను” అని వ్రాసికొనెడివాడు. ఇరువురు చెప్పినదియు ఆ ఆలస్యపు నష్టమే. కేంద్రప్రభుత్వము చెఱకు ధరను రికవరీ శాతమునకు, అనగా గడనుండి దిగిన చక్కెర పాలునకు, ముడివెట్టిన పిమ్మట ఆ గాజుగొట్టపు అంకెకు రైతు కుటుంబముతో చుట్టఱికము కలిసెను.

ఇక గడ సంగతి. 1912లో కోయంబత్తూరున నెలకొన్న చెఱకు ప్రజనన కేంద్రమున బార్బరు, తిరువాడి సాంబశివ వెంకటరామన్ గారలు లావు గడ చెఱకునకు అడవి రెల్లుతో సంకరము గావించి, 1918లో ‘కో 205’ అను రకమును వెలువరించిరి. మంజీర గట్టున గాలికి తెల్లగా ఊగు రెల్లే చెఱకునకు చేవ నిచ్చినదని ఎంతమంది ఎఱుగుదురు? వెంకటరామన్ గారికి ‘సర్’ బిరుదమును, స్వాతంత్ర్యానంతరము 1956లో పద్మభూషణమును లభించెను. గడకు మాత్రము ఊరి పేరే, అదియు ఆంగ్లమున రెండక్షరములుగా కుదించి పెట్టిరి. అనకాపల్లి పరిశోధనా స్థానమువారు తమ రకమొకదానికి ‘విశ్వామిత్ర’ యని పేరిడిరి. ప్రతిసృష్టి చేసిన మునిని తలచుట ముచ్చటయే కాని, ఆ గడను పుట్టించిన మనుష్యుని పేరేమని అడిగిన రైతు నేను చూడలేదు.

మొక్కలలోని పదార్థములకు మొక్కల పేరిడుట ఈ శాస్త్రపు ఆనవాయితీ. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాఖకు 1934 మొదలు పెద్దయై, పత్తిపూల పసుపువన్నెను విడదీసి చూపిన తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారు తమిళ దేశీయులైనను తెలుగువారికి గురువులు. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1963లో పద్మభూషణమును పొందిరి. ఆ వన్నెలకు మాత్రము పత్తి పేరే నిలిచెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ వేఱు. ‘ఆకు’ అను అర్థమిచ్చు లాటిను మాటనుండి పేరు తెచ్చుకొన్న ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో సంశ్లేషించిన బృందమునకు నాయకుడై, నోబెల్ లేకయే 1948లో కన్నుమూసిన యాయనకు, మరణానంతరము ఒక బూజుజాతి ‘సుబ్బరోమైసిస్’ అను నామముతో గుర్తుగా మిగిలెను. మన తపాలాశాఖవారికి ఆయన జ్ఞాపకమునకు వచ్చుటకు 1995 కావలసివచ్చెను. ఇది సిగ్గుపడవలసిన ఆలస్యము.

చక్కెర పనివాండ్రకును పతకము లేకపోలేదు. భారత చక్కెర సాంకేతిక నిపుణుల సంఘమువారిచ్చు స్వర్ణపతకము, చక్కెర చరిత్రను రెండు సంపుటములుగా వ్రాసిన నోయెల్ డీర్ పేర నున్నది. అది పరిశోధనా వ్యాసమునకు లభించునది. రాత్రి రెండుగంటల వేళ గొట్టమున కన్నానించిన వానికి లభించునది కాదు.

నిజామాబాదునకు మఱియొక రసాయనమును కలదు. ఆర్మూరు ప్రాంతపు పసుపు ఇచ్చటి యార్డున కుప్పలుగా పడును. దానిలోని కుర్కుమిన్ నిర్మాణము 1910లో ఐరోపా పండితులు తేల్చినది. అయితే పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱనగునని ముందుగా కనిపెట్టినదెవరో? పెండ్లికొడుకునకు ఎఱ్ఱనీళ్లు దిగదుడుచు ప్రతి ముత్తైదువయు క్షారపరీక్షను చేయుచున్నదే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఈ పట్టణముననే ప్రారంభమైనది. పసుపునకు మర్యాద దక్కినది, సంతోషమే.

చక్కెరకు ఆ భాగ్యము నిలువలేదు. 2002లో కర్మాగారపు వాటాలలో ఎక్కువపాలు ప్రైవేటు వారి చేతికి పోయెను. 2015 డిసెంబరున లే ఆఫ్ ప్రకటింపబడి మరలు ఆగిపోయెను. పరిశోధన మాత్రము రుద్రూరు చెఱకు, వరి పరిశోధనా స్థానమున నిలిచియున్నది. శక్కర్‌నగరు ప్రయోగశాలలో పనిచేసినవారు ఈ జిల్లాలో నింకను ఉన్నచో, వారి యిండ్లలో పాత నోటుపుస్తకములేమైన మిగిలియున్నచో, చెదలు పట్టకమునుపే వానిని రుద్రూరు గ్రంథాలయమునకో, నిజామాబాదు జిల్లా గ్రంథాలయమునకో అప్పగింపుడని నా మనవి. ఇచ్చునప్పుడు మొదటి పుటమీద పేరు పూర్తిగా, పొట్టి సంతకముగా గాక, వ్రాసి యిండు.