గొల్లపల్లి వీణ: ఒక మాను, 24 మెట్లు

బొబ్బిలి అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది యుద్ధం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు బలగాలు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పగ కథ జంగాల నోట, బుర్రకథల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఊరూరా తిరిగింది. అదే బొబ్బిలిని ఆనుకుని గొల్లపల్లి అనే ఊరుంది. అక్కడ కొన్ని కుటుంబాలు తరతరాలుగా పనస మాను తొలిచి వీణలు చేస్తున్నాయి. వాటిని వాయించి పేరు తెచ్చినవారిలో ఎందరో విజయనగరం వాళ్లు. కత్తులు దూసుకున్న రెండు సంస్థానాల మధ్య ఈ చుట్టరికం ఎలా కుదిరిందన్నది యుద్ధం కథ కంటే తక్కువ ఆసక్తికరమైనదేమీ కాదు. దాన్ని పాడినవాళ్లే తక్కువ.

గొల్లపల్లి వీణల పనివారి ఇంటిపేరు సర్వసిద్ధి. బొబ్బిలి సంస్థానాన్ని నెలకొల్పిన పెద్దరాయుడి కాలం నుంచే, అంటే 17వ శతాబ్దం నుంచే ఈ పని ఉందని స్థానికంగా చెప్పుకుంటారు. సర్వసిద్ధి అచ్చెన్నను తమ పనికి మూలపురుషుడిగా తలుచుకుంటారు. ఆ కాలానికి తగ్గ ఆధారం మరొకటి దక్షిణాన కనిపిస్తుంది. ఇప్పుడు మనం చూసే 24 మెట్ల వీణకు రూపం వచ్చింది 1600 నుంచి 1634 దాకా తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కొలువులోనని సంగీత చరిత్రకారులు చెబుతారు. స్వయంగా తెలుగు కవి అయిన ఆ రాజు పేరుతోనే దానికి రఘునాథ మేళ వీణ అన్న పేరు నిలిచింది. అంతకు ముందు రాగం మారితే మెట్లు జరుపుకోవలసి వచ్చేది. ఒక స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు స్థిరంగా నిలబెట్టాక ఏ రాగమైనా ఒకే వీణ మీద పలికింది. సంస్థానాల్లో వీణకు ఆదరణ పెరగడానికి ఈ మార్పూ ఒక కారణం కావచ్చు.

వీణ అంతటా ఒకటే అయినా, చేసే తీరు ఒకటి కాదు. నాదం పలికే కుండ, మెట్లు నిలిచే దండి, దండి కొసన ఉండే యాళి తల విడివిడిగా చెక్కి అతికించేది అతుకుల వీణ. కుండా దండీ ఒకే దుంగలోంచి తీసేది ఏకాండి వీణ. బొబ్బిలికి పేరు తెచ్చింది ఏకాండి. తంజావూరులోనూ ఏకాండి చేస్తారు గానీ, ఉత్తరాంధ్రలో ఆ మాటకు గొల్లపల్లే చిరునామా. అతుకు లేని కర్రలో నాదం ఎక్కడా తెగకుండా పారుతుందని వైణికుల నమ్మకం. అందుకు చెల్లించే మూల్యమూ పెద్దదే. పొడవుగా, లావుగా, తొర్ర గానీ పగులు గానీ లేని పనస మాను దొరకాలి. కోసిన దుంగ బాగా ఆరాలి. పచ్చి కర్ర మీద చెక్కితే తర్వాత వంగిపోతుంది. ఆ పైన బాడిసతో పైరూపం తీసి, ఉలితో కుండ లోపల తొలచాలి. కుండ గోడ మందమైతే నాదం మొద్దుబారుతుంది, మరీ పల్చనైతే బలం చాలదు. ఎక్కడ ఆపాలో కొలబద్ద చెప్పదు. పనివాడు వేలితో తట్టి, విని, మరికాస్త తీస్తాడు. పైపలక మూసి, బిరడలు అమర్చి, యాళి తల చెక్కి నిలబెట్టేసరికి ఒక్కో వీణకు నెల దాకా పడుతుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఇక్కడే మొదలవుతుంది. దండి పొడవునా రెండు వైపులా నల్లటి మైనం గట్లు కడతారు. తేనె మైనంలో మసి కలిపి కాచిన ముద్ద అది. దాని మీద 24 లోహపు మెట్లు ఒక్కొక్కటిగా నిలబెడతారు. తీగ మీటుతూ, చెవితో స్వరం పట్టుకుంటూ, మెట్టును వెంట్రుకవాసి ఇటో అటో జరుపుతారు. దీన్ని మేళం కట్టడమంటారు. వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికీ శ్రుతికీ మూడు, మొత్తం 7. మెట్టు ఎత్తు ఏమాత్రం తేడా వచ్చినా తీగ బుసలు కొడుతుంది, గమకానికి తీగ లాగితే పక్క మెట్టుకు తగులుతుంది. కొందరు బలంగా లాగి వాయిస్తారు, కొందరిది మెత్తని మీటు. కాబట్టి మేళం కట్టేవాడికి వాయించేవాడి చేయి తెలియాలి.

ఆ చేతులు విజయనగరంలో ఉండేవి. బొబ్బిలి నుంచి అక్కడికి సుమారు 60 కిలోమీటర్లు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు చిన్ననాట బొబ్బిలి సంస్థాన విద్వాంసుడు వాసా సాంబయ్య శిక్షణలో సంగీతం నేర్చుకున్నారు. హరికథా పితామహుడైన ఆ దాసుగారే 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ కళాశాల పుట్టుక కథ కూడా చక్కనిది. విజయనగరం కొలువులో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న తలపు చివరికి ఊరందరి కోసం ఒక కళాశాలగా మారింది. స్థాపించినది విజయనగరం రాజు విజయరామ గజపతిరాజు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి.సుశీల అక్కడే చదువుకున్నారు. వీణ వైపు చూస్తే ఆస్థాన విద్వాంసుడు వీణ వెంకటరమణదాసు, కళాశాలలో పాఠం చెప్పిన వాసా కృష్ణమూర్తి ఈ ప్రాంతపు బాణీని నిలబెట్టారు.

ఇంతమంది వాయించేవాళ్లు దగ్గర్లో ఉంటే పనివాడికి ఏమవుతుంది? తప్పు చేస్తే తెలిసిపోతుంది. వీణ తీసుకెళ్లిన విద్వాంసుడు మళ్లీ వస్తాడు, ఫలానా మెట్టు దగ్గర నాదం చస్తోందని చెబుతాడు, ఎదుటే కూర్చుని సరిచేయించుకుంటాడు. గొల్లపల్లి పనితనాన్ని రాజుల బహుమానాల కంటే ఈ రాకపోకలే ఎక్కువగా సానపెట్టి ఉంటాయి.

వాడేవాడి వేళ్లకు తగ్గట్టు వస్తువు కట్టించుకోవడమనే ఈ ఆచారం పాతబడిపోయిందనుకోనక్కర్లేదు. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చునే యువకులు కొందరు బజారు కీబోర్డు వద్దని, మీట కింది స్విచ్చు ఎంత గట్టిగా ఉండాలో, ఎలాంటి చప్పుడు చేయాలో ఎంచుకుని, విడి భాగాలు తెప్పించి మెకానికల్ కీబోర్డులు సొంతంగా కట్టుకుంటున్నారు. అందుకోసం నెలల తరబడి ఎదురుచూస్తారు, వేలు ఖర్చు పెడతారు. వేలికొసకు తెలిసే తేడా కోసం డబ్బు పెట్టే ఆ శ్రద్ధను తేలిగ్గా తీసుకోకూడదు. గొల్లపల్లి వీణను మూడు వందల ఏళ్లు నిలబెట్టింది సరిగ్గా అదే.

1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది. సంస్థానాలు పోయాయి, ఆస్థాన విద్వాంసులు ఇచ్చే ఆర్డర్లు తగ్గాయి. వీణ నేర్చుకునే ఇళ్లూ పలచబడ్డాయి. ఇప్పుడు పనివారిని ఆదుకుంటున్నది ఎక్కువగా బొమ్మ వీణ. జానెడు, మూరెడు పొడవున్న చిన్న వీణలు సన్మాన సభల్లో జ్ఞాపికలుగా, అతిథులకు కానుకలుగా పోతున్నాయి. లేపాక్షి దుకాణాల్లోనూ దొరుకుతాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మ వీణను చిన్నచూపు చూడటం అన్యాయం, దానివల్లే చాలా పొయ్యిలు వెలుగుతున్నాయి. అయితే దానికి మేళం కట్టనక్కర్లేదు, కుండ తట్టి వినక్కర్లేదు. అవే చేస్తూ పోతే కొత్త తరానికి ఉలి పట్టడం వస్తుంది గానీ చెవి రాదు. ఇది చిన్న నష్టం కాదు.

కర్ర సమస్య వేరే ఉంది. ఏకాండికి సరిపోయే పనస మాను కావాలంటే చెట్టు దశాబ్దాల పాటు ఎదగాలి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పనస చెట్లూ విపరీతంగా కూలిపోయాయి. వాటి చోట ఇవాళ నాటిన మొక్క వీణకు పనికొచ్చే నాటికి, ఇప్పుడు అక్షరాలు దిద్దుతున్న పిల్లలు నడివయసుకు వస్తారు.

చేయగలిగిన పని ఒకటి కళ్ల ముందే ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలలు ఏటా కొన్ని పూర్తి వీణలు గొల్లపల్లికే ఆర్డర్ ఇవ్వవచ్చు. కాలం గడిచేకొద్దీ మైనంలో మెట్లు కదులుతాయి కాబట్టి ప్రతి వీణకూ కొన్నేళ్లకొకసారి మేళం తిరిగి కట్టాలి. ఆ పనినీ గొల్లపల్లి వాళ్లకే ఇచ్చి, ఏటా కొన్ని రోజులు వాళ్లను విజయనగరం కళాశాలకు పిలిపించి, విద్యార్థుల ఎదుటే కట్టించవచ్చు. అందుకు కొత్త పథకమేమీ అక్కర్లేదు, బొబ్బిలి నుంచి బస్సు చార్జీలూ కూలీ చాలు.