ఆటబండి పనిబండి అయిన వైనం

కొండా గుట్టా, బురదా మంచూ అనకుండా తిరగగలిగే చిన్న మోటారు బండి ఏటీవీ. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టే చెరోవైపు కాలు వేసి కూర్చుని, హ్యాండిల్ బార్ పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కుతూ దీన్ని నడుపుతారు. అమెరికా, కెనడా, న్యూజిలాండ్ పొలాల్లో ఇవాళ ఇది ట్రాక్టర్‌కు తోడుగా ఉండే పనిముట్టు. కంచె కర్రలు మోస్తుంది, గొర్రెల మందను మళ్లిస్తుంది, చిన్న ట్రాలీ లాగుతుంది. సెలవు రోజున అడవి బాటల్లో షికారుకూ అదే బండి. పనికీ షికారుకూ కలిపి ఒకే బండి కొనాలనుకునేవారు కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ఇంజను బలం రెండు చక్రాలకు చాలా, నాలుగింటికీ కావాలా? గేర్లా, బెల్టా? వెనక యాక్సిల్ ఎలాంటిది ఉండాలి? ఈ ప్రశ్నల్లో ప్రతిదానికీ ఒక పుట్టుక ఉంది. మొదటి ఏటీవీని ఎవరూ పొలం పని కోసం తయారుచెయ్యలేదు. ఆట కోసం వచ్చిన బండిని రైతులు పనిలోకి లాక్కున్నారు, కంపెనీలు వాళ్ల వెనక నడిచాయి.

1960 దశకంలో ఏటీవీ అంటే కెనడా, అమెరికాల్లో తయారైన ఆరు చక్రాల దోనె బండ్లు. జిగర్, యాంఫీక్యాట్, ఆర్గో వాటిలో పేరున్నవి. నీళ్లలోనూ తేలేలా అడుగుభాగం పడవలా ఉండేది. చక్రాలు పక్కకు తిరిగేవి కావు. ఒకవైపు చక్రాలను ఆపి రెండోవైపు వాటిని తిప్పితే బండి మలుపు తీసుకునేది. వేటగాళ్లకూ చేపలు పట్టేవారికీ అవి బాగా పనికొచ్చాయి. ఒంటారియోలో 1967లో మొదలైన ఆర్గో ఇప్పటికీ తయారవుతోంది. తర్వాతి చరిత్రకు ఆ బండ్ల నుంచి అందిన ముఖ్యమైన సంగతి టైరు. గాలి చాలా తక్కువగా నింపిన ఉబ్బెత్తు టైరు మెత్తటి నేల మీద బరువును పరచి దిగబడకుండా చూస్తుంది.

జపాన్‌లో హోండా కంపెనీకి ఆ టైరు అవసరం పడిన కారణం వేరు. అమెరికాలో దాని డీలర్లు చలికాలమంతా బేరాలు లేక కూర్చునేవారు. మంచులో మోటార్ సైకిళ్లు ఎవరు కొంటారు? చలికాలంలోనూ అమ్ముకోగలిగే సరుకు కావాలని 1967లో అమెరికా విభాగం అడిగింది. ఆ పని ఒసాము తకెయుచి అనే ఇంజనీరు చేతికి వచ్చింది. రెండు చక్రాల నుంచి ఆరు చక్రాల దాకా రకరకాల నమూనాలు కట్టి చూశారు. మంచులో, బురదలో, జారుడు నేల మీద మూడు చక్రాలది బాగా నడిచింది. టైర్ల సమస్య మాత్రం మిగిలింది. యాంఫీక్యాట్‌కు ఉన్న 20 అంగుళాల టైర్లను చూశాక తకెయుచి బృందం 22 అంగుళాల టైర్లను సొంతంగా రూపొందించింది. వాటిలో గాలి ఒత్తిడి 2 పీఎస్ఐ పైచిలుకు మాత్రమే. కారు టైరులో 30 దాకా ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ మెత్తదనం అర్థమవుతుంది.

అలా తయారైన యూఎస్90 1970లో 595 డాలర్ల ధరకు అంగళ్లలోకి వచ్చింది. 89 సీసీ ఇంజను, 7 హార్స్ పవర్. ఆ తర్వాత దానికి ఏటీసీ90 అని పేరు మార్చారు. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో హీరో దీనిమీద దూసుకుపోవడంతో జనానికి బాగా తెలిసింది. చూడటానికి పిల్లల బొమ్మలా ఉండేది. స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. కుదుపులన్నీ ఆ ఉబ్బు టైర్లే మింగాలి.

ఈ బండి నిర్మాణంలోని రెండు విషయాలు ఇప్పటి కొనుగోలుదారులూ తెలుసుకోదగ్గవి. మొదటిది, వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండేవి, డిఫరెన్షియల్ లేదు. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. అది లేని బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. నడిపేవారు ఒళ్లు వంచి, బరువును పక్కకు జరిపి, లోపలి చక్రం మీద భారం తగ్గిస్తేనే మలుపు తిరుగుతుంది. రెండోది పొడవాటి సీటు. ఇద్దరు కూర్చోవడానికే అంత పొడవుందని చాలామంది అనుకుంటారు. అది ఒక్కరి కోసమే. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకూ, దిగేటప్పుడు వెనక్కీ, మలుపుల్లో పక్కలకూ జరగడానికి అంత జాగా కావాలి. ఈ అపోహ వల్ల దశాబ్దాలుగా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. వెనక మనిషి కూర్చుంటే నడిపేవారికి కదిలే చోటుండదు, బండి బరువంతా వెనక్కి పోతుంది, ఏటవాలు ఎక్కుతుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది.

ఏటీసీ మొదటి టైర్లు సులువుగా పంక్చర్ అయ్యేవి. 1975 నాటికి లోపల గుడ్డ పొరలున్న గట్టి టైర్లూ, ఉక్కు హబ్బులూ వచ్చాయి. ఈలోగా రైతులకు దీని విలువ తెలిసిపోయింది. ట్రాక్టర్ దిగబడే తడి నేల మీద ఇది తేలికగా వెళ్తుంది, పచ్చికను నలపదు, పెట్రోలు కొద్దిగానే తాగుతుంది. గుర్రానికైతే పని లేని రోజునా మేత వెయ్యాలి. దీనికి ఆ బాధ లేదు. బస్తా గింజలూ, కంచె తీగా, పనిముట్ల పెట్టే మొయ్యాలంటే మాత్రం చోటు లేదు. కంపెనీ ఆ లోటు తీర్చడానికి 1982 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన ఏటీసీ200ఈకి 'బిగ్ రెడ్' అని పేరు. ముందూ వెనకా సామాన్ల క్యారియర్లతో, పని కోసమే రూపొందించిన తొలి ఏటీసీ అది. ఇప్పటి పనిబండ్ల వంశం నిజానికి ఇక్కడే మొదలైంది. రివర్స్ గేరు, బటన్ స్టార్టు, గొలుసుకు బదులు బురద తగలకుండా మూసి ఉండే షాఫ్టు 1984 నాటి బిగ్ రెడ్‌లో కనిపిస్తాయి.

అప్పటికే నాలుగో చక్రం వచ్చేసింది. 1983 మోడల్‌గా సుజుకి తెచ్చిన క్వాడ్ రన్నర్ ఎల్‌టీ125 విపణిలో తొలి నాలుగు చక్రాల ఏటీవీ. మరుసటి ఏడాది హోండా కూడా టీఆర్ఎక్స్200తో ఆ దారి పట్టింది. మూడు చక్రాల బండికి ఒక స్వభావ దోషం ఉంది. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి కలిస్తే నేల మీద త్రిభుజం ఏర్పడుతుంది. బ్రేకు వేస్తూ మలుపు తిరిగితే బరువు ముందుకీ పక్కకీ ఒకేసారి ఒరుగుతుంది, సరిగ్గా అక్కడ ఆసరాగా చక్రం ఉండదు. అనుభవం ఉన్నవారు ఒళ్లు వంచి నిలబెట్టుకునేవారు. పిల్లలు, కొత్తవారు పడిపోయేవారు.

అమ్మకాలు పెరిగినకొద్దీ ప్రమాదాలూ పెరిగాయి, చనిపోయినవారిలో పిల్లలు చాలామంది. చివరకు 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం హోండా, యమహా, సుజుకి, కవాసాకి, పొలారిస్ సంస్థల మీద కోర్టుకెక్కింది. 1988 ఏప్రిల్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం పదేళ్లు అమలులో ఉంది. కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. 90 సీసీ దాటిన బండ్లను 16 ఏళ్లు నిండినవారికే ఉద్దేశించాలన్నారు, కొన్నవారికి ఉచితంగా శిక్షణ ఇవ్వాలన్నారు. 2008లో చేసిన వినియోగ వస్తువుల భద్రతా చట్టం తయారీ ప్రమాణాలను తప్పనిసరి చేసింది. ఆలస్యంగానైనా ఇది జరిగి తీరవలసిన పని. ఇవాళ డీలరు దగ్గర కనిపించే వయసు హెచ్చరిక చీటీలు ఆనాటి ఒప్పందం నుంచి వచ్చినవే.

ఒప్పందానికి రెండేళ్ల ముందే పనిబండికి అసలైన బలం సమకూరింది. 1986లో హోండా ఫోర్‌ట్రాక్స్ టీఆర్ఎక్స్350 నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించింది. వెనక చక్రాలు బురదలో పట్టు లేక తిరుగుతుంటే ముందు చక్రాలు లాగుతాయి. నిండు బరువుతో తడి గట్టు ఎక్కాలన్నా, ట్రాలీ లాగాలన్నా ఈ ఏర్పాటు కావాలి. దీనికి చెల్లించే మూల్యం హ్యాండిల్ బరువెక్కడం. రోజంతా నడిపేవారికి భుజాలు పీకేవి. అవసరమైనప్పుడే ముందు చక్రాలను కలిపే స్విచ్చులు రావడంతో కొంత ఊరట దొరికింది. 2007లో యమహా గ్రిజ్లీ 700కు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టాక ఆ కష్టం చాలావరకు తీరింది. పొద్దస్తమానం బండి మీదే ఉండే మనిషి ఎక్కడైనా డబ్బు ఎక్కువ పెట్టదలిస్తే పవర్ స్టీరింగ్ మీద పెట్టడమే మేలు.

గేర్లా బెల్టా అన్న వాదం అమెరికా ఉత్తరపు మంచులో పుట్టింది. మిన్నెసోటా రాష్ట్రంలోని రోజో అనే చిన్న ఊళ్లో పొలారిస్ 1954 నుంచీ ఉంది. స్నోమొబైళ్లు దాని ప్రత్యేకత. 1985లో ఆ కంపెనీ ట్రైల్ బాస్‌తో ఏటీవీల్లోకి దిగి, స్నోమొబైల్‌లో వాడే బెల్టు పద్ధతినే అందులో పెట్టింది. రెండు కప్పీల మధ్య తిరిగే బెల్టు వేగాన్ని బట్టి తనంతట తానే పైకీ కిందికీ జరుగుతుంది. గేరు మార్చనక్కర్లేదు, క్లచ్ పట్టనక్కర్లేదు. మందను తోలుతూ గడియకోసారి ఆగి కదిలేవారికి ఇంతకన్నా సుఖం లేదు. లోపాలూ ఉన్నాయి. బెల్టుకు నీళ్లు తగిలితే జారుతుంది, అతి నిదానంగా పెద్ద బరువు లాగితే మాడుతుంది. పల్లంలో యాక్సిలరేటర్ వదిలేస్తే తొలినాటి బెల్టు బండ్లు పట్టు విడిచి జారిపోయేవి. యమహా ఒకవైపే తిరిగే క్లచ్ చేర్చి బెల్టును ఎప్పుడూ బిగువుగా ఉంచి ఆ బెడద తప్పించింది. హోండా గేర్ల వైపే మొగ్గింది. 2009 మోడల్ రాంచర్‌లో రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్ పెట్టెను తెచ్చింది. బరువు లాగడమే ప్రధానమైతే గేర్ల బండి, ఆగుతూ కదులుతూ చేసే పనికీ బాటల షికారుకూ బెల్టు బండి అన్న పాత లెక్క ఇప్పటికీ పూర్తిగా తప్పలేదు.

వెనక యాక్సిల్ దగ్గర పనికీ షికారుకూ పొత్తు కుదరదు. ఒకే దిమ్మగా ఉండే ఇరుసు బరువేసినా అంతగా కుంగదు, మరమ్మతు తేలిక, ధర తక్కువ. రాళ్ల బాటలో మాత్రం నడుము విరుగుతుంది. సుజుకి 1991 కింగ్ క్వాడ్‌తోనూ, పొలారిస్ 1996 స్పోర్ట్స్‌మన్ 500తోనూ వెనక చక్రాలు రెండూ దేనికది పైకీ కిందికీ ఆడే ఏర్పాటును పనిబండ్లలోకి తెచ్చాయి. బండి అడుగుకీ నేలకీ మధ్య ఎడం పెరిగి మొద్దులూ రాళ్లూ తగలడం తగ్గింది. ఒకవైపు బరువు ఎక్కువైతే మాత్రం ఇలాంటి బండి ఆ పక్కకు వాలుతుంది. వారంలో ఆరు రోజులు మోతపని ఉన్నవారికి పాత ఇరుసే నయం. బాటల మీద గంటల తరబడి తిరిగేవారు కొత్తదానికి డబ్బు పెట్టవచ్చు.

2000 సంవత్సరం తర్వాత బాటల స్వరూపమే మారింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం బొగ్గు గనుల, కలప కంపెనీల భూముల్లో హ్యాట్‌ఫీల్డ్-మెకాయ్ బాటలను ఆ ఏడాదే తెరిచింది. హెల్మెట్ లేనివారిని అక్కడ రానివ్వరు. అమెరికా అటవీ శాఖ బాటలు చాలావాటిలో 50 అంగుళాలకు మించిన వెడల్పు బండికి ప్రవేశం లేదు. ఈ కొలత బండ్ల తయారీనే శాసించింది. రెండు సీట్లు పక్కపక్కన ఉండే పొలారిస్ ఆర్‌జడ్ఆర్‌ను 2007లో తెచ్చినప్పుడు 50 అంగుళాలకు మించకుండా కట్టారు. ఆ తరహా బండ్లు మొదలయ్యాక పనిలో కొంత వాటా అటు పోయింది. ఇద్దరు మనుషులూ, పెద్ద తొట్టెడు సామానూ తీసుకెళ్లాలంటే అదే తగినది. ఒక్కరే ఇరుకు గట్ల మీద తిరగాలంటే ఏటీవీకి సాటి లేదు.

భారతదేశంలో ఈ కథ వేరు. పొలారిస్ 2011లో ఇక్కడ కార్యాలయం తెరిచింది. రైతుకు పవర్ టిల్లరూ, చిన్న ట్రాక్టరూ అంతకన్నా ఎక్కువ పని చేసిపెడతాయి కనుక ఏటీవీ పొలాల్లోకి రాలేదు. సైన్యం, సరిహద్దు దళాలు, రిసార్టుల చేతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

బండి బరువు గురించిన పాఠం చివరికి ఆస్ట్రేలియా నేర్పింది. ఇప్పటి 400-600 సీసీ పనిబండ్లు 270 నుంచి 350 కిలోలు తూగుతాయి. క్యారియర్ల మీద సాధారణంగా ముందు 40-45 కిలోలు, వెనక 80-90 కిలోలు వెయ్యవచ్చు. మందు ట్యాంకు నింపి వాలు మీద అడ్డంగా నడిపితే బండి తిరగబడి మనిషి మీద పడుతుంది, లేవనెత్తడం ఒక్కరి వల్ల కాదు. ఆస్ట్రేలియా పొలాల్లో మరణాలకు ఇదొక ప్రధాన కారణమై, 2019లో ప్రభుత్వం కొత్త ప్రమాణం ప్రకటించింది. బండి తిరగబడినా కింద మనిషికి చోటు మిగిల్చే రక్షణ కమాను 2021 అక్టోబరు 11 నుంచి కొత్త పనిబండ్లకు తప్పనిసరి అయింది. ఆ కమాను వల్ల కొత్త ప్రమాదాలు వస్తాయని వాదిస్తూ హోండా, యమహా అక్కడ ఈ బండ్ల అమ్మకమే మానుకున్నాయి. పక్కకు 28.81 డిగ్రీల వాలు వచ్చేదాకా బండి రెండు చక్రాల మీదికి లేవకూడదని కూడా ఆ ప్రమాణం చెబుతోంది. ఏ బండి ఎన్ని డిగ్రీల దగ్గర ఒరుగుతుందో పరీక్షించి ఆ అంకెను చీటీ మీద ముద్రించి బండికి తగిలించాలి. ఆస్ట్రేలియాలో కొనేవారు ధరతో పాటు ఆ అంకెనూ చదివి, తమ పొలం వాలుతో పోల్చుకోవచ్చు.